పరుగులో కాలు మార్చడం





ప్రతి వందనలోనూ మనం భగవానుడి గుణాలు చెప్పుకుంటాం. అందులో ఒక మాట ‘పురిసదమ్మసారథి’. నోరు తిరగని మాట కాబట్టి చాలామంది గబగబా దాటేస్తారు, పిల్లలైతే సగం మింగేస్తారు. అర్థం మాత్రం పెద్దది. మచ్చిక చేయదగిన మనుషుల్ని దారిలో నడిపే సారథి అని. ఈ మాటలో బుద్ధుడు రాజు కాదు, యజమాని కాదు, వరాలిచ్చే దేవుడూ కాదు. పగ్గం పట్టి గుర్రాన్ని నేర్పుగా నడిపేవాడు. ఈ పోలిక ఊరికే పెట్టింది కాదు. అది తెలియాలంటే గుర్రానికి విద్య ఎలా నేర్పుతారో ముందు తెలియాలి.

నక్కపల్లి హైవే మీద నిలబడితే లారీలు కనపడతాయి గాని గుర్రం కనపడదు. నర్సీపట్నం దాటి చింతపల్లి, పాడేరు వైపు కొండలెక్కితే మాత్రం, సరైన రోడ్డు లేని కొన్ని గూడేల్లో ఇప్పటికీ సంత సరుకు మోసేది గుర్రమే. దానికి మెలకువగా నడవడం తెలిస్తే చాలు. మనం చెప్పుకోబోయేది అంతకన్నా కష్టమైన విద్య. పరుగెడుతూ, ఆగకుండా, కాలు మార్చుకోవడం. గుర్రాలవాళ్ళు దాన్ని ‘ఫ్లయింగ్ చేంజ్’ అంటారు.

గుర్రం పరుగందుకున్నాక కాళ్ళు ఒక వరసలో పడతాయి. కుడికాలు నడిపే పరుగు అనుకోండి. ముందు ఎడమ వెనక్కాలు నేల తాకుతుంది. తర్వాత కుడి వెనక్కాలు, ఎడమ ముంగాలు జంటగా పడతాయి. చివరికి కుడి ముంగాలు అన్నిటికన్నా ముందుకు సాగి పడుతుంది. ఆ వెంటనే ఒక రెప్పపాటు నాలుగు కాళ్ళూ గాల్లోనే ఉంటాయి. మళ్ళీ ఎడమ వెనక్కాలు. ఇలా తిరుగుతూ ఉంటుంది. చివర ముందుకు సాగే ఆ కాలునే నేను నడిపే కాలు అంటున్నాను. కుడివైపు మలుపు తిరిగేటప్పుడు కుడికాలు నడపాలి, ఎడమ వైపు తిరిగేటప్పుడు ఎడమకాలు నడపాలి. తప్పు కాలు మీద మలుపు తిరిగితే తూకం తప్పుతుంది. వేగం ఎక్కువైతే తడబడి పడుతుంది, మీదున్నవాడూ పడతాడు.

నాలుగైదు వందల కిలోల జంతువు. అది ఆగి, నడకలోకి వచ్చి, మళ్ళీ రెండో కాలు మీద పరుగందుకోవడం పెద్ద కష్టం కాదు. ఆగకుండా మార్చుకోవాలంటే నాలుగు కాళ్ళూ గాల్లో ఉన్న ఆ రెప్పపాటే సందు. అక్కడ వరస మొత్తం తిరగబడాలి.

ఇప్పుడు ఒక విచిత్రం వినండి. పచ్చికలో తల్లి చుట్టూ గెంతే గుర్రప్పిల్లకి ఈ విద్య ఎవరూ నేర్పరు. కుడికి తిరిగితే కుడికాలు, ఎడమకి తిరిగితే ఎడమకాలు, తనే మార్చుకుంటుంది. మనిషి ఎక్కి కూచున్నాకనే అది మర్చిపోతుంది. వీపు మీద బరువు, నోట్లో కళ్ళెం, పక్కల్లో మడమలు. తూకం చెడిపోతుంది. అంటే నేర్పేవాడు కొత్తగా ఇచ్చేదేమీ లేదు. బరువు కింద పోయిన తూకాన్ని తిరిగి తెప్పిస్తాడు, అంతే. మన పిల్లల్ని చూడండి. మూడేళ్ళ పిల్లాడు ఎవరి కంచంలో చెయ్యి పెట్టాలో, ఎవరి కంచంలో పెట్టకూడదో ఎరగడు. ఆ లెక్క పెద్దవాళ్ళే వాడి వీపు మీద ఎక్కిస్తారు. అందుకే ధమ్మం మనకి కొత్త అలంకారం కాదు, పోయినదాన్ని తిరిగి తెప్పించే పని.

మంచి శిక్షకుడు ఎలా మొదలుపెడతాడు? కాలు మార్చమని మొదటే అడగడు. నెలల తరబడి అడగడు. ముందు గుర్రాన్ని తిన్నగా పరుగెత్తడానికి అలవాటు చేస్తాడు. మనుషుల్లాగే గుర్రాలకీ ఒక వాటంచేతి వైపు ఉంటుంది. రెండో వైపు బిగుసుకుపోతుంది. ఆ బిగువు పోయేదాకా రెండు వైపులా సమంగా వలయాలు తిప్పిస్తాడు. తర్వాత నడకలోంచి సరాసరి పరుగులోకి, అడిగిన కాలు మీద వెళ్ళడం నేర్పుతాడు. కుడి అంటే కుడి, ఎడమ అంటే ఎడమ. ఆ తర్వాత పరుగు, నాలుగడుగుల నడక, రెండో కాలు మీద పరుగు. మళ్ళీ మూడడుగుల నడక. మళ్ళీ రెండు. ఆ మధ్య నడక తగ్గుతూ తగ్గుతూ వచ్చి, ఒకరోజు అడగ్గానే నడక లేకుండానే గుర్రం మార్చేస్తుంది. రౌతు చేసేది చూసేవాడికి కనపడదు కూడా. తన రెండు కాళ్ళ స్థానం మారుస్తాడు. ఒక కాలు నడుం పట్టీ దగ్గర, రెండోది కొంచెం వెనక్కి. అదీ ఎప్పుడు? గాల్లోకి లేవడానికి సరిగ్గా ముందు. ముందయితే గుర్రానికి అర్థం కాదు, ఆలస్యమైతే అప్పటికే వెనక్కాలు నేల మీద పడిపోయి ఉంటుంది. మొదటిసారి సరిగ్గా మార్చిందా, ఆ రోజుకి అక్కడితో ఆపేస్తాడు. పగ్గం వదులు చేస్తాడు, మెడ తట్టి నడిపిస్తాడు. బాగా వచ్చింది కదా అని ఇరవై సార్లు చేయించేవాడు మర్నాటికి ఉన్నదీ పోగొట్టుకుంటాడు.

ఇక అసలు సంగతి. ఈ విద్యలో ఎక్కువగా కనపడే తప్పు ఒకటుంది. గుర్రం ముంగాళ్ళు మార్చేస్తుంది, వెనక్కాళ్ళు మార్చదు. ముందు కొత్త వరస, వెనక పాత వరస. ఎదురుగా నిలబడి చూసేవాడికి చక్కగా మారినట్టే ఉంటుంది. మీద కూచున్నవాడికి మాత్రం నడుము రెండు ముక్కలైనట్టు తెలుస్తుంది. అలా పరుగెత్తే గుర్రం ఎంతోదూరం పోలేదు. ఎందుకిలా జరుగుతుంది? రౌతు తొందరపడి పగ్గం గుంజి, తల తిప్పి మార్చాలని చూడటం వల్ల. తల తిప్పితే ముంగాళ్ళు తిరుగుతాయి. కాని ప్రతి అంగలోనూ మొదట నేల తాకేది వెనక్కాలు. తోపు అక్కణ్ణించే వస్తుంది. కాబట్టి మార్పు వెనక్కాలితోనే మొదలవ్వాలి.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షల మందితో కలిసి కాలు మార్చారు. మన పెద్దలు కొందరు అప్పటినుంచీ, మనం ఈ మధ్యా ఆ దారిలోకి వచ్చాం. వచ్చి ఏం మార్చాం? ఇంటి ముందు పంచశీల జెండా. గోడ మీద బుద్ధుడు, బాబాసాహెబ్. ఫోను ఎత్తితే జై భీమ్. పిల్లలకి గౌతమ్, సుజాత, రాహుల్ పేర్లు. ఇవన్నీ ముంగాళ్ళు. ఇవి అక్కర్లేదని నేను అనడం లేదు, ముంగాళ్ళు మారకుండా గుర్రం మలుపు తిరగదు. కాని వెనక ఏముంది? అమ్మాయి పెళ్ళి అనగానే పక్కవీధి పంతులు దగ్గరికి ముహూర్తానికి ఎవరో ఒకరు చాటుగా వెళ్ళొస్తారు. బయటికి బుద్ధవందనతో పెళ్ళి, లోపల పంచాంగం. పురోహితుడితో కార్యాలు చేయించనని ఇరవై రెండు ప్రతిజ్ఞల్లో మనం నోటితో చెప్పాం కదా!

దానికన్నా లోతైనది ఇంకొకటి. మాల ఇంట్లో మాదిగ కోడలు, మాదిగ ఇంట్లో మాల అల్లుడు. ఈ మాట ఎత్తగానే సభలో చప్పట్లు కొట్టినవాళ్ళే కింద చూస్తారు. “అదేటండీ, ధమ్మం ధమ్మమే, సంబంధం సంబంధమే” అంటారు. అదిగో, అది వెనక్కాలు. మనుషులంతా సమానమని ప్రతిజ్ఞ చేసి, సంబంధం దగ్గర గడప చూసుకుంటే, మన పరుగు ఎగుడుదిగుడుగానే ఉంటుంది. ఊళ్ళో వాళ్ళకి తెలియకపోవచ్చు. మన వీపు మీద కూచున్న మన పిల్లలకి మాత్రం తెలుస్తుంది.

కొందరికి ఇంకో భయం. బౌద్ధం అని రాయించుకుంటే సర్టిఫికెట్టు పోతుందని. ఇది వెనక్కాలికి కట్టిన తాడు లాంటిది. 1990లో పార్లమెంటు చట్టం సవరించి షెడ్యూల్డ్ కులాల్లో బౌద్ధుల్ని కూడా చేర్చింది. ఈ సంగతి తెలియక ముప్పై ఏళ్ళకు పైగా భయపడుతున్నవాళ్ళు మన మండలంలోనే ఉన్నారు. తాడు లేదు, ఉందన్న భయమే ఉంది. దీన్ని ఇంటింటికీ చెప్పండి.

“మారాలని ఉందండీ, ఒళ్ళు రావట్లేదు” అనేవాళ్ళకి మజ్ఝిమ నికాయంలో భద్దాలి సుత్తం ఉంది. భద్దాలి అనే భిక్షువు నియమం తన వల్ల కాదని సంఘం మధ్యలోనే మొండికేశాడు. మూడు నెలలు భగవానుడి కంట పడలేదు. తర్వాత తిరిగొచ్చి తన తప్పు ఒప్పుకున్నాడు. అప్పుడు ఆయనకి భగవానుడు చెప్పింది గుర్రప్పిల్ల సంగతి. శిక్షకుడు ముందు కళ్ళేనికి అలవాటు చేస్తాడు. అది ఎప్పుడూ ఎరగని పని కాబట్టి గుర్రం మెలికలు తిరుగుతుంది, గింజుకుంటుంది. మళ్ళీ మళ్ళీ, మెల్లమెల్లగా చేయించగా ఆ గింజులాట తగ్గి శాంతిస్తుంది. అప్పుడు కాడికి అలవాటు చేస్తాడు. మళ్ళీ గింజుకుంటుంది, మళ్ళీ శాంతిస్తుంది. తర్వాత అడుగులు కలపడం, వలయంలో తిరగడం, డెక్కల నేర్పు, దౌడు, ఇలా ఒకదాని మీద ఒకటి పదిదాకా. గమనించాల్సింది ఏంటంటే, ప్రతి మెట్టు దగ్గరా గింజులాట వస్తుంది. గింజుకోవడం గుర్రం చెడ్డదని చెప్పే గుర్తు కాదు. కొత్త పని మొదలైందని చెప్పే గుర్తు. ముహూర్తం చూడకుండా పెళ్ళి చేసిన ఇంట్లో నెల రోజులు నిద్ర పట్టకపోవచ్చు. కోడలికి జ్వరమొస్తే “చూశావా” అని మేనత్త అనవచ్చు. అదే గింజులాట. మందులు వాడితే జ్వరం తగ్గుతుంది, నెలలు గడిస్తే గింజులాటా తగ్గుతుంది.

మరి కొరడా సంగతి? అంగుత్తర నికాయంలో కేశి అనే గుర్రాల శిక్షకుడు భగవానుడి దగ్గరికి వస్తాడు. గుర్రాల్ని ఎలా మచ్చిక చేస్తావని భగవానుడే అడుగుతాడు. ఆయన పని ఆయన్నే చెప్పమనడం ఎంత గొప్ప మర్యాదో చూడండి. కొన్నిటిని మెత్తగా, కొన్నిటిని కటువుగా, కొన్నిటిని రెండు విధాలా అంటాడు కేశి. దేనికీ లొంగనిదాన్ని చంపేస్తాను, లేకపోతే మా గురువుల పేరు పోతుంది అంటాడు. నువ్వో అని అడిగితే, నేనూ అంతే అంటాడు బుద్ధుడు. కేశి ఉలిక్కిపడతాడు. ప్రాణం తీయనివాడివి కదా! అప్పుడు విప్పి చెబుతాడు. మెత్తగా చెప్పడమంటే మంచి నడత, దాని ఫలం చూపడం. కటువుగా చెప్పడమంటే చెడు నడత, దాని ఫలం చూపడం. చంపడమంటే, ఇతడికి చెప్పి లాభం లేదని ఊరుకోవడం. కటువు అన్న మాటలో కూడా దెబ్బ లేదు, తిట్టు లేదు. మనవాళ్ళు కొందరు ధమ్మంలోకి రాగానే తల్లి పూజించుకునే పటాలు తీసి పెంటలో పడేస్తున్నారు. ముసలామె ఏడుస్తుంటే “మూఢనమ్మకం” అని అరుస్తారు. భార్య వినకపోతే చెయ్యి చేసుకున్నవాళ్ళూ ఉన్నారు. ఇది పగ్గం గుంజడం. తల తిరుగుతుంది, వెనక్కాలు తిరగదు. ఆమె మీ ముందు త్రిశరణం చెబుతుంది, మీరు బయటికెళ్ళగానే దీపం పెట్టుకుంటుంది. తప్పు ఆమెది కాదు.

ఇంకో సుత్తం నాలుగు రకాల మేలుజాతి గుర్రాల గురించి. ములుకోల నీడ చూడగానే కదిలేది ఒకటి. వెంట్రుకకి తగిలితే కదిలేది రెండోది. చర్మానికి తగిలితే మూడోది. ఎముకకి తగిలితే గాని కదలనిది నాలుగోది. మనిషిలోనూ అంతే. ఎక్కడో ఊళ్ళో ఒకరికి కష్టం వచ్చిందని వినగానే కదిలేవాడు, కళ్ళారా చూసి కదిలేవాడు, తన బంధువుకి వస్తే కదిలేవాడు, తన ఒంటి మీదికి వస్తే గాని కదలనివాడు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు. ఆ వార్తలు విని ఎక్కడో ఊళ్ళలో కదిలినవాళ్ళు మొదటి రకం. వాళ్ళ వల్లే మనం ఈరోజు ఇలా కూచున్నాం. అయితే నాలుగో దాన్ని కూడా సుత్తం మేలుజాతి గుర్రమనే అంది, తీసెయ్యలేదు. పాత అశ్వశాస్త్రాలు గుర్రాల్లో కూడా బ్రాహ్మణ గుర్రం, శూద్ర గుర్రం అని వర్ణాలు కట్టాయి. (గుర్రాన్ని కూడా వదల్లేదు చూడండి!) బుద్ధుడు మాత్రం పుట్టుక అడగలేదు, కదలిక చూశాడు.

పిల్లల సంగతికి ఒక జాతక కథ చాలు. వారణాసి రాజు గారి మంగళాశ్వం పేరు పండవం. దాని శిక్షకుడు గిరిదంతుడు కుంటివాడు. పగ్గం పట్టి ముందు నడిచే అతణ్ణి చూసి, ఇలా నడవమని నేర్పుతున్నాడు కాబోలనుకుని గుర్రం కూడా కుంటడం మొదలుపెట్టింది. వైద్యులు వెతికితే రోగం లేదు. బోధిసత్వుడు చూసి కారణం కనిపెట్టాడు. బాగా నడిచే మనిషిని పెట్టగానే గుర్రం మామూలైంది. అంగవైకల్యం ఉన్నవాళ్ళని చిన్నబుచ్చడానికి ఈ కథ వాడకండి, దాని సారం వేరు. గుర్రం మాటలు వినదు, నడక చూస్తుంది. ఆదివారం విహారంలో తండ్రి చెప్పే సమానత్వం పిల్లాడు వినడు. సోమవారం తండ్రి పాకీ పనివాడికి ఏ గ్లాసులో నీళ్ళిచ్చాడో చూస్తాడు.

గుర్రం, పగ్గం ఇవన్నీ రాజుల సరదాలు, మనకెందుకండీ అని ఎవరైనా అనవచ్చు. అలా అనిపించేలా చేసిందే కులం. 1929 అక్టోబరు 23న బాబాసాహెబ్ చాలీస్‌గావ్ స్టేషన్లో దిగారు. అక్కడి మహర్లు రాత్రికి తమ వాడలో ఉండమని బతిమాలారు. టాంగా, అంటే మన జట్కా బండి కావాలి. అంటరానివాణ్ణి ఎక్కించుకుని తోలడానికి ఒక్క టాంగావాడూ ఒప్పుకోలేదు. చివరికి బండి అద్దెకి ఇస్తాం, తోలేవాణ్ణి మీరే చూసుకోండన్నారు. మహర్లలో ఒకాయన పగ్గం పట్టాడు. ఎప్పుడూ తోలినవాడు కాదు. వాగు మీది కల్వర్టు దగ్గర చక్రం రాళ్ళ మధ్య ఇరుక్కుంది. గుర్రం, బండి వాగులో పడ్డాయి. బాబాసాహెబ్ రాళ్ళ మీద పడి కాలు విరిగింది. బారిస్టరు అయినా సరే, టాంగావాడి లెక్కలో తనకన్నా తక్కువవాడే అని ఆయనే తర్వాత రాసుకున్నారు.

నేరం అంటరానితనానిదే, అందులో అనుమానం లేదు. కాని ఆ బండి తోలిన మనిషిని తలుచుకోండి. బాబాసాహెబ్ మీద ఆయనకున్న ప్రేమకి లోటు లేదు. మర్యాదకి లోటు రాకూడదనే పగ్గం పట్టాడు. లేనిది ఒక్కటే, శిక్షణ. దాన్ని తరతరాలుగా అతని చేతికి అందనివ్వలేదు. ఈరోజు మన చేతికి అందింది. హైదరాబాదు పోలీసు అకాడమీలో ఐపీఎస్ శిక్షణలో గుర్రపు స్వారీ ఒక పాఠం, మన పిల్లలూ అక్కడ జీను మీద కూచుంటున్నారు. అదే దేశంలో, 2018 మార్చిలో, గుజరాత్ భావనగర్ జిల్లాలో ఇరవై ఒక్కేళ్ళ దళిత కుర్రవాణ్ణి చంపేశారు. గుర్రం కొనుక్కుని ఎక్కినందుకేనని కుటుంబం చెప్పింది. పెళ్ళి ఊరేగింపులో గుర్రం ఎక్కకుండా మన వాళ్ళని అడ్డుకోవడం నేరమని అట్రాసిటీ చట్టంలో 2015 సవరణతో విడిగా రాయాల్సి వచ్చింది. 2016 జనవరి 26 నుంచి అది అమల్లో ఉంది. ఈ విషయం కూడా అందరికీ తెలియాలి.

గుర్రం ఎక్కే హక్కు కోసం పోరాడదాం. ఎక్కాక నడపడం కూడా నేర్చుకోవాలి కదా.

ఈ ఆషాఢ పున్నమి నుంచి ఆశ్వయుజ పున్నమి దాకా వర్షావాసం. మూడు నెలలు వారానికోసారి కూచుని ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ చదువుకుంటున్నాం. ఈసారి చదువుతో పాటు ఇంటికొక్క పని పెట్టుకోండి. ఒకటే, రెండు వద్దు. ఇంట్లో పెళ్ళి ఉన్నవాళ్ళు తేదీ మీరే పెట్టుకోండి, ఆదివారమైతే అందరికీ సెలవు. సంబంధాలు చూసేవాళ్ళు ఇప్పటిదాకా చూడని గడప ఒక్కటి తొక్కి రండి, కుదరకపోయినా పరవాలేదు. సర్టిఫికెట్టు భయం ఉన్నవాళ్ళు మన కుర్రాళ్ళని వెంటబెట్టుకుని ఎమ్మార్వో ఆఫీసుకి వెళ్ళి అడగండి. అమ్మతో గొడవ పడుతున్నవాళ్ళు ఈ మూడు నెలలూ పటాల జోలికి వెళ్ళకుండా, రాత్రి ఆమె పక్కన కూచుని ఒక జాతక కథ చదవండి. గిరిదంతుడి కథతో మొదలుపెట్టవచ్చు, ముసలివాళ్ళు నవ్వుతారు. ఆశ్వయుజ పున్నమికి వచ్చినప్పుడు ఏది మారిందో, ఏ మెట్టు దగ్గర గింజుకున్నారో దాచకుండా చెప్పండి. దీపాలు, కొవ్వొత్తులు విహారం చూసుకుంటుంది. భోజనాలకి బియ్యం మాత్రం ఎవరి ఇంటి నుంచి వాళ్ళు తెచ్చుకుని ఒకే గుండిగలో పోద్దాం.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.